ఈసీజీ చదవడం: నేర్పుతున్నదేమిటి, పరీక్షిస్తున్నదేమిటి?

హృదయలయ (మెడిసిన్ అధ్యాపకురాలు)

సభ్యులందరికీ నమస్కారం. ఆఖరి సంవత్సరం విద్యార్థులకూ, కొత్తగా చేరే రెసిడెంట్లకూ ఈసీజీ (గుండెలోని విద్యుత్ సంకేతాలను గీతగా నమోదు చేసే పరీక్ష) నేర్పే పాఠ్యభాగాన్ని మళ్లీ రాయవలసిన బాధ్యత నా మీద పడింది. ఇప్పటిదాకా నడుస్తున్న పద్ధతి మీకు తెలిసిందే. వారానికొక ఉపన్యాసం, ఒక్కో ఉపన్యాసంలో ఒక్కో జబ్బు, చివర పరీక్షలో కొన్ని ట్రేసింగులు (ఈసీజీ గీత పడిన కాగితాలు), ఒక్కోదాని కింద ఒక వాక్యంలో రోగనిర్ధారణ. ఈ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవారే, ఛాతీనొప్పితో వచ్చిన రోగి ఈసీజీ చేతిలో పెట్టినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగిపోతున్నారు.

ఇది ఏ ఒక్క కళాశాలకో పరిమితమైన సమస్య కాదు. 2020లో కుక్, ఓ, పుసిక్ అనే పరిశోధకులు 78 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, ప్రత్యేక శిక్షణకు ముందు వైద్య విద్యార్థుల కచ్చితత్వం సుమారు 42 శాతం, రెసిడెంట్లది 56, వృత్తిలో ఉన్న వైద్యులది 69, హృద్రోగ నిపుణులది 75 శాతంగా తేలింది. శిక్షణ తరువాత జరిపిన పరీక్షల్లో కూడా అన్ని స్థాయులూ కలిపి మధ్యస్థ విలువ 67 శాతం దగ్గరే ఆగింది. ఆ అధ్యయనాల్లోని పరీక్షలు ఒకే స్థాయి కఠినత్వం ఉన్నవి కావు కాబట్టి ఈ అంకెలను మరీ గట్టిగా పట్టుకోకూడదు. అయినా నేర్పే తీరులోనే ఏదో లోపం ఉందని అవి చెబుతున్నాయని నా నమ్మకం. ఎలా నేర్పాలి, నేర్చుకున్నారని ఎలా తేల్చుకోవాలి అన్న రెండు ప్రశ్నలనూ మీ ముందు ఉంచుతున్నాను.

రాత్రివిధి (అత్యవసర విభాగం)

మేడమ్, నన్నడిగితే ముందు మార్చవలసింది పరీక్షను. ఎత్తుగా, మొన తేలి ఉన్న టీ తరంగాలు (గుండె కింది గదులైన వెంట్రికిల్స్ తిరిగి విశ్రాంతికి వచ్చేటప్పటి గీత), వెడల్పైన క్యూఆర్ఎస్ (ఆ గదులు ఉత్తేజితమయ్యేటప్పటి గీత) చూపించి, "రక్తంలో పొటాషియం పెరిగింది" అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇస్తాం. ల్యాబ్ రిపోర్టు కోసం కూర్చోకుండా వెంటనే సిరలోకి కాల్షియం ఇవ్వాలని అతనికి తట్టిందో లేదో మాత్రం మనం అడగం. అలాగే పొటాషియం ప్రమాదకరంగా పెరిగిన రోగిలో కూడా ఈసీజీ దాదాపు మామూలుగానే కనిపించవచ్చని అతనికి తెలుసా అన్నదీ అడగం. రోగికి పనికివచ్చే జ్ఞానం ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

గుండెపోటు విషయంలో ఈ లోపం ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. విద్యార్థులు ఎస్టీ ఎలివేషన్ (క్యూఆర్ఎస్‌కూ టీ తరంగానికీ మధ్య భాగం పైకి లేవడం) కొలతలను కంఠస్థం చేస్తారు. గుండెపోటుకు 2018 నాటి నాలుగో సార్వత్రిక నిర్వచనం ప్రకారం పక్కపక్కన ఉన్న రెండు లీడ్లలో (గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీతల్లో) 1 మి.మీ., ఛాతీ మీది వి2, వి3 లీడ్లలో మాత్రం 40 ఏళ్లు నిండిన పురుషులకు 2, అంతకన్నా చిన్నవారికి 2.5, స్త్రీలకు 1.5 మి.మీ. అని తడుముకోకుండా చెప్పగలరు. కానీ ధమని పూర్తిగా మూసుకుపోయినా ఈ కొలతలకు అందని ట్రేసింగులు ఉంటాయి. 2008లో డి వింటర్ బృందం వర్ణించిన రూపంలో ఛాతీ లీడ్లలో ఎస్టీ కిందికి దిగి, పైకి వాలుతూ వెళ్లి ఎత్తైన టీ తరంగంలో కలుస్తుంది. గుండె వెనుక గోడ దెబ్బతిన్నప్పుడు వి1 నుంచి వి3 వరకు ఎస్టీ డిప్రెషన్ (ఎస్టీ కిందికి దిగడం) మాత్రమే కనిపిస్తుంది, వీపు మీద వి7 నుంచి వి9 వరకు లీడ్లు పెట్టి చూస్తే గానీ ఎలివేషన్ బయటపడదు. "ఎస్టీ డిప్రెషన్, ఇస్కీమియా (గుండెకు రక్తం చాలకపోవడం)" అని రాసి ఊరుకున్న విద్యార్థి మన పరీక్షలో ఉత్తీర్ణుడవుతాడు, అతను చూసిన రోగికి మాత్రం, మూసుకున్న ధమనిని తెరిచే క్యాథ్ ల్యాబుకు చేరవలసిన సమయం దాటిపోతుంది.

అందుకని ప్రతి ట్రేసింగు కిందా "ఇప్పుడు ఏం చేస్తారు, ఎంత త్వరగా చేస్తారు" అన్న ప్రశ్న ఉండాలి. పేరు చెప్పినందుకు సగం మార్కులు చాలు.

మూడోలీడు (కార్డియాలజీ శిక్షణార్థి)

రాత్రివిధి గారితో సగం ఏకీభవిస్తాను. చికిత్సా నిర్ణయాన్ని అడగాలి, నిజమే. అయితే విద్యార్థి మొదటి రోజు నుంచే చర్య వైపు పరుగెత్తితే, గుర్తుపట్టిన బొమ్మను పట్టుకుని మిగతా ట్రేసింగును వదిలేసే అలవాటు పడుతుంది. కాగితం వేగం, కాలిబ్రేషన్, రేటు, రిథమ్, యాక్సిస్, పీ తరంగం (గుండె పై గదుల గీత), పీఆర్, క్యూఆర్ఎస్, ఎస్టీ, టీ, క్యూటీ అన్న వరుసను మనం విసుగు పుట్టించేంతగా అడుగుతున్నామని విద్యార్థులు అనుకుంటారు గానీ, తప్పిపోయే విషయాలను పట్టుకునేది ఆ వరుసే.

క్యూటీనే (క్యూఆర్ఎస్ మొదలు నుంచి టీ తరంగం ముగిసేదాకా పట్టే సమయాన్నే) తీసుకోండి. యంత్రం క్యూటీసీ (గుండె రేటుకు తగ్గట్టు సరిదిద్దిన క్యూటీ) 487 మిల్లీసెకన్లని అచ్చు వేసింది. రేటు నిమిషానికి 110, కొలిచిన క్యూటీ 360. బజెట్ సూత్రం ప్రకారం లెక్క సరిగ్గానే ఉంది. ఫ్రిడెరీసియా సూత్రంతో అదే ట్రేసింగుకు సుమారు 441 వస్తుంది. రెండు సూత్రాలూ 1920 నాటివే. రేటు ఎక్కువగా ఉన్నప్పుడు బజెట్ సూత్రం విలువను అతిగా పెంచి చూపిస్తుందని తెలిసిన విద్యార్థి, క్యూటీ పెరిగిందని భయపడి రోగికి అవసరమైన మందును అనవసరంగా ఆపేయడు. రేటు నెమ్మదిగా ఉన్నప్పుడు అదే సూత్రం తగ్గించి చూపిస్తుంది, అప్పుడు ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది. ఈ తెలివి బొమ్మను గుర్తుపట్టడం వల్ల రాదు, టీ తరంగం ఎక్కడ ముగిసిందో స్వయంగా కొలిచి, లెక్క కట్టడం వల్ల వస్తుంది.

వెడల్పైన క్యూఆర్ఎస్‌తో క్రమంగా నడిచే టాకీకార్డియా (గుండె అతివేగంగా కొట్టుకోవడం) మరో ఉదాహరణ. ఇంతకు ముందు గుండెపోటు వచ్చిన రోగిలో అది వెంట్రిక్యులర్ టాకీకార్డియా (కింది గదుల్లో పుట్టేది) అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. రోగి కూర్చుని మాట్లాడుతున్నాడు కాబట్టి ఇది ఎస్‌వీటీయే (కింది గదులకు పైన పుట్టేదే) అని తేల్చుకుని ఎస్‌వీటీ మందైన వెరాపమిల్ ఇచ్చినవారికి లోపించింది చికిత్సా సూత్రాల పరిజ్ఞానం కాదు. క్యూఆర్ఎస్‌లతో సంబంధం లేకుండా నడుస్తున్న పీ తరంగాలను, మధ్యలో వచ్చిన ఫ్యూజన్ బీటును (రెండు చోట్ల నుంచి వచ్చిన సంకేతాలు కలిసి ఏర్పడిన స్పందనను) ఓపికగా వెతికే అలవాటు వారికి లేదు.

కొలబద్ద (వైద్య విద్యా పరిశోధన)

మీ ఇద్దరి వాదాల మధ్య ఎంపిక చేసుకోవలసిన అవసరం లేదని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. 2006లో ఆర్క్, బ్రూక్స్, ఈవా ప్రచురించిన అధ్యయనంలో, చూడగానే తట్టిన పోలికను నమ్మడంతో పాటు లక్షణాలను ఒక్కొక్కటిగా పరిశీలించమని కూడా చెప్పినప్పుడు, ఈసీజీకి కొత్తవారైన అభ్యాసకులు మెరుగ్గా చదివారు. అనుభవజ్ఞులు చేసేది కూడా అదే. ముందు ఒక ఊహ మెరుస్తుంది, తరువాత దాన్ని కొలతలతో ఢీకొట్టి చూస్తారు. నేర్పేటప్పుడు మనం రెండో భాగాన్ని మాత్రమే పైకి చెప్పి, మొదటిదాన్ని దాచిపెడుతున్నాం.

ఇక హృదయలయ గారు చెప్పిన వారానికొక జబ్బు పద్ధతి గురించి. 2003లో హటాలా, బ్రూక్స్, నార్మన్ పరీక్షించింది సరిగ్గా దీన్నే. ఒక వర్గం ట్రేసింగులన్నీ ఒకే చోట సాధన చేసినవారికన్నా, వేర్వేరు వర్గాలను కలగలిపి సాధన చేసినవారు కొత్త ట్రేసింగులను బాగా చదివారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఈ వారం పాఠం బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలోని విద్యుత్ మార్గపు ఒక శాఖలో అడ్డంకి) అని ముందే తెలిస్తే, విద్యార్థి వెతికేది బ్లాక్ కుడిదా ఎడమదా అన్నంత వరకే. అసలిది బ్లాకా, పొటాషియం ప్రభావమా, వెంట్రికిల్ నుంచి పుట్టిన రిథమా, పేస్‌మేకర్ లయా అన్న ప్రశ్న అతని మనసులోకి రానే రాదు. వార్డులో ఏ రోగి కూడా అధ్యాయం పేరు చెప్పి రాడు. కలగలిపి సాధన చేసేటప్పుడు విద్యార్థులకు కష్టంగా ఉంటుంది, తప్పులు ఎక్కువ వస్తాయి, అధ్యాపకుల మీద ఫిర్యాదులు కూడా వస్తాయి. ఆ కష్టాన్ని తగ్గించబోయి పాత పద్ధతికి తిరిగి వెళ్లకండి.

పరీక్షే లోపమన్న రాత్రివిధి గారి మాటకు మరొక బలం ఉంది. 2013లో రౌపాఖ్ బృందం ఈసీజీ బోధన మీదే చేసిన అధ్యయనానికి పెట్టిన శీర్షికే ఫలితాన్ని చెబుతుంది: ఎక్కువ వనరులు ఖర్చయ్యే బోధనా రూపాలకన్నా మార్కులు లెక్కకొచ్చే పరీక్ష విద్యార్థుల చదువును బలంగా నడిపిస్తుంది. కాబట్టి ఉపన్యాసాలను తిరగరాయడానికి పెట్టే సమయంలో సగం పరీక్షకు పెట్టండి. పరీక్ష ఏది అడుగుతుందో అదే చదువుతారు. ఒక్క మాటలో పేరు అడిగితే, ఒక్క మాట పేర్లే నేర్చుకుంటారు.

ఐదారు ట్రేసింగులతో పెట్టే పరీక్ష ఎవరి సామర్థ్యాన్నీ తేల్చలేదని కూడా గుర్తుంచుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకోవడం) బాగా గుర్తుపట్టే విద్యార్థి వెనుక గోడ గుండెపోటును గుర్తుపడతాడని చెప్పలేం. ట్రేసింగుల సంఖ్య పెంచి, ఒక్కోదానికి ఇచ్చే సమయాన్ని కుదించడం మేలు.

తొలిడ్యూటీ (ఇంటర్న్)

పెద్దల చర్చలో మాట్లాడుతున్నందుకు మన్నించండి. విద్యార్థుల వైపు నుంచి రెండు విషయాలు చెప్పాలనిపించింది.

మాకు తరగతిలో చూపించే ట్రేసింగులు ఆ జబ్బుకు ఆదర్శ రూపాలు. గీత నిలకడగా ఉంటుంది, ఒక్క ట్రేసింగులో ఒక్క జబ్బే ఉంటుంది. వార్డులో రోగి వణుకుతూ ఉంటాడు, బేస్‌లైన్ ఊగుతుంది, పాత గుండెపోటు గుర్తుల మీద కొత్త మార్పులు ఉంటాయి, దానికి తోడు ఈసీజీని మార్చే డిజాక్సిన్ మందు కూడా వాడుతూ ఉంటాడు. పుస్తకంలోని బొమ్మకూ దీనికీ పోలిక కుదరనప్పుడు మేము చేసేది, కాగితం పైభాగంలో యంత్రం అచ్చు వేసిన వాక్యాన్ని చదవడం. దాన్ని చూడవద్దని కొందరు అధ్యాపకులు కాగితం మడిచి ఇస్తారు. చూడమని మరికొందరు చెబుతారు. ఏది సరైనది?

రెండోది, మా ట్రేసింగును ఎవరైనా తిరిగి చూసి, మేము ఎక్కడ తప్పామో చెప్పే సందర్భాలు చాలా తక్కువ. ఉదయం రౌండ్లలో సీనియర్లు సరైన జవాబు చెప్పి ముందుకు వెళ్లిపోతారు. మా ఆలోచన ఎక్కడ దారి తప్పిందో మాకు తెలియకుండానే ఉండిపోతుంది.

రాత్రివిధి (అత్యవసర విభాగం)

తొలిడ్యూటీ గారూ, మన్నింపు అడగవలసిన పని లేదు, ఈ చర్చలో ఇదే అన్నిటికన్నా ఉపయోగపడే ప్రశ్న. యంత్రం రేటును, విరామాలను చాలావరకు నమ్మదగినట్టే కొలుస్తుంది. రిథమ్ దగ్గర తరచుగా తడబడుతుంది. ఏట్రియల్ ఎక్టోపిక్ బీట్లు (పై గదుల్లో వేళకు ముందే పుట్టే స్పందనలు) ఎక్కువగా ఉన్నా, బేస్‌లైన్ కదిలినా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని రాసేస్తుంది. అది తప్పు చెప్పినప్పుడు చదివేవారి కచ్చితత్వం కూడా దానితో పాటే దిగజారుతుందని పరిశోధనలు చూపించాయి. కాబట్టి కాగితం మడవడమా, మానడమా అన్నది కాదు, వరుస ముఖ్యం. ముందు మీ అభిప్రాయం రాతపూర్వకంగా నమోదు చేయండి, తరువాత యంత్రం మాట చూడండి, రెండూ వేరైతే ఎందుకు వేరయ్యాయో తేల్చండి. పరీక్షలో కూడా ఇదే వరుస పెట్టవచ్చు. మొదటి జవాబు సమర్పించాకే యంత్రం చదివినది తెరమీదికి రావాలి, అందులో కొన్ని కావాలని తప్పుగా ఉండాలి, జవాబు మార్చుకున్నవారు కారణం రాయాలి. సరైన జవాబును వదులుకుని యంత్రం వెంట వెళ్లినవారు ఎవరో అప్పుడు తెలుస్తుంది. వైద్యులు యంత్రాలతో కలిసి పనిచేయక తప్పని కాలంలో ఈ నైపుణ్యాన్ని కొలవకుండా వదిలేయడం సరికాదు.

ఎలక్ట్రోడు (ఈసీజీ టెక్నీషియన్)

మీరందరూ కాగితం మీద పడిన గీత గురించి మాట్లాడుతున్నారు. ఆ గీత ఎలా పడిందో కూడా నేర్పండని నా విన్నపం. వి1, వి2 ఎలక్ట్రోడ్లు రొమ్ము ఎముకకు అటూ ఇటూ నాలుగో ఇంటర్‌కాస్టల్ స్పేస్‌లో (పక్కటెముకల మధ్య సందులో) ఉండాలి. రెండో స్పేస్ దాకా పైకి పెట్టడం చాలా తరచుగా జరుగుతుంది. అలా పెట్టినప్పుడు వి1లో పీ తరంగం తలకిందులవుతుంది, అసంపూర్ణ రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్‌ను పోలిన ఆకారం వస్తుంది, లేని పాత గుండెపోటు ఉన్నట్టు కనిపిస్తుంది. రొమ్ము ఎముక పైభాగంలో ఉబ్బుగా తగిలే కోణాన్ని (స్టెర్నల్ యాంగిల్) తడిమి, అక్కడి నుంచి రెండో పక్కటెముక పట్టుకుని కిందికి లెక్కపెట్టడం చేతితో చేస్తేనే వస్తుంది.

కుడి చేయి, ఎడమ చేయి లీడ్లు తారుమారైతే లీడ్ 1లో పీ, క్యూఆర్ఎస్, టీ మూడూ తలకిందులవుతాయి, మామూలుగా కిందికి ఉండే ఏవీఆర్ లీడ్ నిటారుగా కనిపించవచ్చు. గుండె కుడివైపు ఉన్న మనిషిలో కూడా లీడ్ 1 ఇలాగే ఉంటుంది కానీ, అప్పుడు ఛాతీ లీడ్లలో ఆర్ తరంగం పెరగవలసింది పోయి వి6 వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఛాతీ లీడ్లు మామూలుగా ఉంటే తీగలు మార్చి మళ్లీ తీయండి. ఇంకొకటి, గీత అందంగా రావాలని ఫిల్టర్‌ను 40 హెర్ట్జ్‌కు పెడుతుంటారు. పెద్దవారిలో రోగనిర్ధారణకు తీసే ఈసీజీకి పై హద్దు 150 హెర్ట్జ్ ఉండాలి, లేకపోతే క్యూఆర్ఎస్‌లోని సన్నని గంట్లు, పేస్‌మేకర్ స్పైకులు చెరిగిపోతాయి. మానిటర్‌లో వాడే కింది హద్దు ఫిల్టర్ ఎస్టీని వంచి చూపించగలదు కాబట్టి, మానిటర్ తెర మీద ఎస్టీ చూసి నిర్ణయానికి రావద్దని విద్యార్థులకు గట్టిగా చెప్పండి.

మూడోలీడు (కార్డియాలజీ శిక్షణార్థి)

ఎలక్ట్రోడు గారు చెప్పినది పాఠ్యభాగంలో మొదటి తరగతిగా రావాలి. తారుమారైన లీడ్లతో తీసిన ట్రేసింగు ఒకటి పరీక్షలో తప్పకుండా పెట్టండి. సరైన జవాబు "మళ్లీ తీయాలి" అన్నది అయినప్పుడు, ఆ మాట రాయడానికి ఎంతమంది ధైర్యం చేస్తారో చూడవలసిన అవసరం ఉంది.

హృదయలయ (మెడిసిన్ అధ్యాపకురాలు)

మీ మాటల ఆధారంగా ఒక నమూనా రాసుకున్నాను, లోపాలు చూపించండి. విద్యార్థులు ముందుగా ఒకరి మీద ఒకరు 12 లీడ్ల ఈసీజీ తీస్తారు. వర్గాలు కలగలిపిన ట్రేసింగులు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా వస్తూ ఉంటాయి, ప్రతి జవాబుకూ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే వివరణ అందుతుంది. చివరి పరీక్షలో ప్రతి ట్రేసింగుకూ మూడు భాగాలు: కనిపించినదేమిటి, దాని అర్థమేమిటి, ఇప్పుడు చేయవలసినదేమిటి. ప్రాణాపాయం ఉన్న ట్రేసింగులు ఒక విభాగంగా ఉంటాయి, మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా ఆ విభాగంలో విడిగా ఉత్తీర్ణత సాధించాలి.

నాకు తేలని విషయాలు రెండు. రోగి చరిత్ర ఇవ్వాలా, వద్దా? రెసిడెంట్లు ఎన్ని ఈసీజీలు చదివితే సరిపోతుంది?

కొలబద్ద (వైద్య విద్యా పరిశోధన)

చరిత్ర ఇవ్వాలి, కానీ అన్నిటికీ ఒకే తీరులో కాదు. సరైన దిశలో ఉన్న చరిత్ర కచ్చితత్వాన్ని పెంచుతుందని, తప్పుదోవ పట్టించే చరిత్ర తగ్గిస్తుందని 1999లో హటాలా బృందమే చూపించింది. కాబట్టి అన్నిటికీ సూటైన చరిత్ర ఇస్తే విద్యార్థి ట్రేసింగు చూడకుండానే జవాబు రాస్తాడు, అసలే ఇవ్వకపోతే వార్డుకు సంబంధం లేని పరీక్ష అవుతుంది. చికిత్స అడిగే ప్రశ్నలకు చరిత్ర తప్పనిసరి. మొదటి భాగాన్ని మాత్రం చరిత్ర తెలియజేయకముందే పూర్తి చేయించండి. కనిపించినది కనిపించినట్టు రాసే అలవాటును అలా విడిగా కొలవవచ్చు.

సరైన జవాబును ఎవరు నిర్ణయిస్తారన్నది ఇంతకన్నా క్లిష్టమైన ప్రశ్న. నిపుణులే నాలుగింట ఒకదానిలో తప్పుతున్నప్పుడు ఒక్క అధ్యాపకుడి అభిప్రాయాన్ని జవాబు పత్రంగా పెట్టడం అన్యాయం. వీలైన చోటల్లా ఈసీజీకి బయట ఉన్న రుజువును వాడండి. గుండెపోటుకు యాంజియోగ్రామ్, పొటాషియంకు ల్యాబ్ విలువ, వెంట్రికిల్ మందానికి ఎకో, రిథమ్‌కు ఎలక్ట్రోఫిజియాలజీ అధ్యయనం ఉండనే ఉన్నాయి. అటువంటి రుజువు లేని ట్రేసింగును ఇద్దరు నిపుణులు విడివిడిగా చదవాలి, వారికి పొంతన కుదరకపోతే దాన్ని పరీక్షలో కాక తరగతి చర్చలో వాడాలి. ఉత్తీర్ణత గీతను కూడా 50 శాతమని అలవాటుగా గీయకండి. కనీస అర్హత గల వైద్యుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం ఎంత అని అధ్యాపకులు ఒక్కో ప్రశ్నకూ అంచనా వేసే యాంగాఫ్ పద్ధతి ఇక్కడ బాగా పనికివస్తుంది.

మూడోలీడు (కార్డియాలజీ శిక్షణార్థి)

సంఖ్య విషయంలో తరచుగా వినిపించేది 2001 నాటి అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటన. తొలి సామర్థ్యానికి పర్యవేక్షణలో 500 ఈసీజీలు, దాన్ని నిలుపుకోవడానికి ఏడాదికి 100 అని అది సూచించింది. పర్యవేక్షణ అన్న మాటను వదిలేసి సంఖ్యను మాత్రమే పట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. ఎవరూ సరిదిద్దకుండా 500 ట్రేసింగులు చదివినవారు తమ తప్పును 500 సార్లు గట్టి చేసుకునే ప్రమాదం ఉంది. సంఖ్యను కనీస హద్దుగా ఉంచుకోండి, దాన్ని సామర్థ్యానికి ధ్రువపత్రంగా ఇవ్వకండి.

తొలిడ్యూటీ (ఇంటర్న్)

మేడమ్, పరీక్షలో నార్మల్ ఈసీజీలు కూడా ఉంటాయా? మా పరీక్షల్లో ఎప్పుడూ ఉండవు. అందువల్ల ప్రతి ట్రేసింగులోనూ ఏదో ఒక జబ్బు ఉండే తీరుతుందని అనుకుని, యువకుల్లో సహజంగా కనిపించే ఎర్లీ రీపోలరైజేషన్‌ను (ఎస్టీ కొద్దిగా లేచి ఉండే రూపాన్ని) కూడా గుండెపోటు అనో, పెరికార్డైటిస్ (గుండె పైపొర వాపు) అనో రాస్తున్నాం.

హృదయలయ (మెడిసిన్ అధ్యాపకురాలు)

ఉంటాయి, చెప్పుకోదగినన్ని ఉంటాయి. మామూలు ట్రేసింగుతో పాటు ఎర్లీ రీపోలరైజేషన్, క్రీడాకారుల్లో కనిపించే నెమ్మదైన రిథమ్, చిన్నపిల్లల్లో వి1 నుంచి వి3 వరకు సహజంగా తలకిందులుగా ఉండే టీ తరంగాలు చేరుస్తాను. నార్మల్ అని తేల్చినవారు కూడా మూడో భాగం రాయవలసిందే. నొప్పి ఇంకా ఉన్న రోగిలో మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఇంటికి పంపకూడదని, కొద్ది నిమిషాల తేడాతో మళ్లీ తీయాలని, పాత ఈసీజీ ఉంటే పక్కన పెట్టి పోల్చాలని రాస్తేనే ఆ మార్కులు వస్తాయి. కొలబద్ద గారూ, రుజువు ఉన్న ట్రేసింగులను రోగి వివరాలు తొలగించి సేకరించడం ఈ నెలలోనే మొదలుపెడతాను, రెండో పరిశీలకులుగా మూడోలీడు గారు ఒప్పుకుంటే మొదటి విడత పంపిస్తాను.

మూడోలీడు (కార్డియాలజీ శిక్షణార్థి)

తప్పకుండా పంపండి మేడమ్. మీరు చదివిన జవాబు జతచేయకుండా పంపండి, నాది రాసి పంపాకే మీది చూస్తాను.